ఫైల్ డిస్క్‌లో ఉంది, లొకేట్‌లో లేదు: ఎక్కడ నుంచి వెతకాలి

ముందు మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఒకసారి చెప్తా, తేడా ఉంటే సరిచేయండి. ఉబుంటు 22.04 సర్వరు, 20.04 నుంచి అప్‌గ్రేడ్ చేశారు. పాత తెలుగు పత్రికల స్కాన్లు దాచే పని. కొత్తగా 4 టీబీ డిస్క్ ఒకటి పెట్టి దాన్ని /మీడియా/డేటా దగ్గర మౌంట్ చేసి, అందులో స్కాన్స్ అనే ఫోల్డర్ని /ఎస్‌ఆర్‌వీ/స్కాన్స్ కి బైండ్ మౌంట్ (అదే ఫోల్డర్ ఇంకో దారిలో కూడా కనపడేలా) చేశారు. అప్పట్నుంచి లొకేట్ (పేరుతో ఫైల్ వెతికే కమాండ్) కొడితే కొత్త స్కాన్ ఒక్కటీ రావట్లేదు, కానీ పోయిన వారం డిలీట్ చేసినవి మాత్రం ఇంకా కనిపిస్తున్నాయి. రూట్‌కి వచ్చినన్ని రిజల్ట్స్ మామూలు యూజర్‌కి రావట్లేదు. రోజూ పొద్దున ఆఫీసు టైంలో సర్వర్ కాసేపు మూలుగుతోంది, టాప్‌లో చూస్తే అప్‌డేట్‌డీబీ (లొకేట్ కోసం ఫైల్ పేర్ల చిట్టా రాసే ప్రోగ్రాం) కనిపిస్తోంది. తెలుగు పేర్లున్న ఫైళ్ళు కొన్ని దొరుకుతున్నాయి, కొన్ని దొరకట్లేదు. లొకేట్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా అంతే. ఫైండ్ కమాండ్ కూడా తప్పులు చెప్తోందన్నారు.

ఫోన్లో తెలుగు కీబోర్డ్ మీద రాస్తున్నా కాబట్టి కమాండ్లు, పాత్‌లు కూడా నోటితో చదివినట్టే తెలుగులో రాస్తున్నా, టెర్మినల్లో మీరు మామూలు స్పెల్లింగే కొట్టండి.

మీరు ఇది ఒకే జబ్బు అనుకుంటున్నారు, అందుకే రీఇన్‌స్టాల్ చేశారు. నాకు ఇక్కడ ఐదారు వేర్వేరు కారణాలు కనిపిస్తున్నాయి, ఒక్కోదానికి ఒక్కో మందు. అన్నిటికీ మూలం మాత్రం ఒక్కటే. లొకేట్ డిస్క్ మొహం చూడదు. అది చూసేది ఒక చిట్టాని. ఊళ్ళో అడంగల్ చూసి ఫలానా సర్వే నంబర్లో వరి ఉందని చెప్పడం లాంటిది అది, పొలం దగ్గరికెళ్తే అక్కడ మిర్చి ఉండొచ్చు, కోసేసి బీడుగా ఉండొచ్చు. రాసిన రోజున ఉన్నదే అందులో ఉంటుంది. కాబట్టి లొకేట్ తప్పు చెప్పినప్పుడల్లా నేను మూడు విషయాలు అడుగుతా: ఏ చిట్టా చదువుతోంది, దాన్ని రాసినవాడు ఎప్పుడొచ్చాడు ఏయే గల్లీలు తిరిగాడు, చదువుతున్నది ఎవరు. ఈ వరసలోనే పోతే మీ లక్షణాలన్నీ విడివిడిగా తేలిపోతాయి.

మొదటిది, ఏ చిట్టా. లొకేట్ అనే పేరుతో ఒకటి కాదు, కనీసం మూడు ప్రోగ్రాములు తిరుగుతున్నాయి. గ్నూ ఫైండ్‌యూటిల్స్ వాళ్ళ లొకేట్ ఒకటి, మిలొస్లావ్ ట్రమాచ్ రాసిన ఎమ్‌లొకేట్ ఒకటి, 2020లో స్టైనార్ గుండర్సన్ మొదలుపెట్టిన ప్లొకేట్ ఒకటి. మూడింటికీ డేటాబేస్ వేరు, ఫార్మాట్ వేరు, ఉండే చోటు వేరు. ఎమ్‌లొకేట్ ది /వార్/లిబ్/ఎమ్‌లొకేట్ లో ఉంటుంది, ప్లొకేట్ ది /వార్/లిబ్/ప్లొకేట్ లో, డెబియన్ కుటుంబంలో ఫైండ్‌యూటిల్స్ వాళ్ళది /వార్/క్యాష్/లొకేట్ లో. 20.04లో మీకున్నది ఎమ్‌లొకేట్, 22.04కి వచ్చాక అదే పేరుతో ప్లొకేట్ వచ్చి కూర్చుంది. పాత డేటాబేస్ ఫైల్ డిస్క్ మీద అలాగే పడి ఉండొచ్చు, మీ ఆఫీసు స్క్రిప్టుల్లో ఎవరైనా -డీ (ఏ డేటాబేస్ చదవాలో చెప్పే ఆప్షన్) పెట్టి ఆ పాత ఫైల్ పాత్ నేరుగా రాసి ఉంటే అది ఇక ఏనాటికీ పని చేయదు, ఎందుకంటే ప్లొకేట్ ఎమ్‌లొకేట్ ఫైల్ని నేరుగా చదవలేదు. చూడ్డం తేలిక: లొకేట్ --వెర్షన్ కొట్టండి, ఎవరో చెప్తుంది. తర్వాత రీడ్‌లింక్ -ఎఫ్ తో /యూఎస్‌ఆర్/బిన్/లొకేట్ చివరికి ఎక్కడికి పోతోందో, అప్‌డేట్‌డీబీ ఎక్కడికి పోతోందో రెండూ చూడండి. లొకేట్ ఒకరిది, అప్‌డేట్‌డీబీ ఇంకొకరిది అయితే మీరు రోజూ ఒక చిట్టా రాయిస్తూ ఇంకో చిట్టా చదువుతున్నట్టు. ఆల్టర్నేటివ్స్ (ఒకే పేరుకి ఏ ప్రోగ్రాం నడవాలో చెప్పే లింకులు) చేత్తో మార్చిన సర్వర్లలో ఇది నేను చూశా, అప్‌డేట్‌డీబీ ఎన్నిసార్లు నడిపినా రిజల్ట్ అంగుళం కదలదు, మనిషికి పిచ్చెక్కుతుంది.

రెండోది, ఎప్పుడు రాశారు. ఎల్ఎస్ -ఎల్ కొట్టి డేటాబేస్ ఫైల్ తేదీ చూడండి. వారం పాతదైతే డిలీట్ చేసిన ఫైళ్ళు ఎందుకొస్తున్నాయో అక్కడే తెలిసిపోయింది. అప్‌డేట్‌డీబీ పాత ఫైల్ మీదే రాయదు, కొత్తది పక్కన తయారు చేసి మొత్తం అయ్యాక మాత్రమే పాతదాని స్థానంలో పెడుతుంది. మంచి పద్ధతే, కానీ దీనివల్ల మధ్యలో ఏం జరిగినా, అంటే /వార్ నిండిపోయినా, ప్రాసెస్‌ని ఎవరైనా చంపేసినా, మెమరీ చాలక కెర్నలే చంపేసినా, పాతది చెక్కుచెదరకుండా ఉంటుంది, లొకేట్ ఏ ఎర్రర్ ఇవ్వకుండా దాన్నే చదువుతూ పోతుంది. కాబట్టి డీఎఫ్ -హెచ్ తో /వార్ లో చోటు చూడండి, డీఎఫ్ -ఐ తో ఐనోడ్లు (ఇంకెన్ని ఫైళ్ళు పడతాయో చెప్పే లెక్క) కూడా చూడండి. తర్వాత సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్ --ఆల్ లో ప్లొకేట్-అప్‌డేట్‌డీబీ టైమర్ ఉందా, చివరిసారి ఎప్పుడు నడిచింది, జర్నల్‌సీటీఎల్ -యూ ప్లొకేట్-అప్‌డేట్‌డీబీ లో ఏం రాసింది చూస్తే సగం కథ అక్కడే ఉంటుంది. పాత ల్యాప్‌టాప్‌నే సర్వర్‌గా వాడుకునేవాళ్ళకి ఒక మాట: ఆ సర్వీస్ ఫైల్లో కరెంటు మీద ఉంటేనే నడవాలి అనే షరతు ఉంటుంది, టైమర్ మోగిన నిమిషంలో కరెంటు పోయి బ్యాటరీ మీద ఉంటే ఆ రోజు చిట్టా రాయరు.

అర్జెంటుగా డిలీట్ అయినవి కనపడకుండా ఉండాలంటే లొకేట్ -ఈ వాడండి, వచ్చిన ప్రతి రిజల్ట్‌నీ డిస్క్ మీద ఉందో లేదో చూసి మరీ చూపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా, కొత్త స్కాన్లు ఎందుకు రావట్లేదు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే మీరు చేసిన రెండు పనులు విడివిడిగా చూస్తే రెండూ సబబే, కలిసేసరికి డిస్క్ మొత్తం మాయమైంది. /ఈటీసీ/అప్‌డేట్‌డీబీ.కాన్ఫ్ తెరవండి. అందులో నాలుగు మాటలుంటాయి. ప్రూన్‌పాత్స్ అంటే ఈ ఫోల్డర్లలోకి పోవద్దు. ప్రూన్‌ఎఫ్ఎస్ అంటే ఈ రకం ఫైల్‌సిస్టమ్‌ల్లోకి పోవద్దు. ప్రూన్‌నేమ్స్ అంటే ఈ పేరున్న ఫోల్డర్ ఎక్కడ కనపడినా వదిలెయ్. ప్రూన్_బైండ్_మౌంట్స్ అంటే బైండ్ మౌంట్లని వదిలెయ్. డెబియన్, ఉబుంటుల్లో ప్రూన్‌పాత్స్‌లో ముందునుంచే /టీఎమ్‌పీ, /వార్/స్పూల్ తో పాటు /మీడియా కూడా ఉంటుంది, పెన్‌డ్రైవులు పెట్టి తీసేవాళ్ళ కోసం అలా పెట్టారు. బైండ్ మౌంట్స్ మాట ఎదురుగా ఎస్ అని ఉంటుంది, ఒకే ఫైల్ రెండు దార్లలో రెండుసార్లు రాకూడదని.

ఇప్పుడు అప్‌డేట్‌డీబీ మీ సర్వర్లో నడిచి వస్తోందనుకోండి. /మీడియా దగ్గరికి వచ్చింది, కాన్ఫ్‌లో వద్దన్నారు, వదిలేసింది. తిరుగుతూ /ఎస్‌ఆర్‌వీ/స్కాన్స్ దగ్గరికి వచ్చింది, ఇది బైండ్ మౌంట్ కదా, అసలుది ఇంకో చోట ఉంటుంది అక్కడ రాసుకుంటాంలే అని దీన్నీ వదిలేసింది. అసలుదేమో /మీడియాలో ఉంది, దాన్ని ముందే వదిలేసింది. ఇద్దరు ఉద్యోగులు ఆ ఇల్లు నీ వార్డులోది అంటే నీ వార్డులోది అని ఒకరికొకరు చెప్పుకుని ఇద్దరూ వెళ్ళిపోతే ఆ ఇంట్లోవాళ్ళ పేరు ఓటర్ల జాబితాలో ఉండదు, అచ్చం అదే జరిగింది. అందుకే మీరు అప్‌డేట్‌డీబీని సుడోతో చేత్తో నడిపినా, రీఇన్‌స్టాల్ చేసినా లాభం లేదు, ఆ ప్రోగ్రాం చెప్పినట్టే చేస్తోంది.

నా మాట నమ్మాల్సిన పని లేదు, దాన్నే అడగండి. సుడో అప్‌డేట్‌డీబీ --డీబగ్-ప్రూనింగ్ అని నడిపితే ఏ ఫోల్డర్ని వదిలేసిందో, ఏ కారణానికి వదిలేసిందో రాస్తూ పోతుంది. అది స్టాండర్డ్ ఎర్రర్‌లోకి రాస్తుంది కాబట్టి ఫైల్లోకి మళ్ళించి అందులో మీడియా, స్కాన్స్ అనే మాటల కోసం గ్రెప్ చేయండి. ఈ ఒక్క ఆప్షన్ చాలామందికి తెలియదు, తెలిసుంటే రీఇన్‌స్టాల్ దాకా పోరు. నేను ఏ సర్వర్లో లొకేట్ గురించి కంప్లయింట్ వచ్చినా కాన్ఫ్ ఫైల్ చదివే ముందు దీన్నే నడుపుతా.

బాగు చేయడానికి రెండు మూడు దార్లున్నాయి, నా సలహా మాత్రం డిస్క్‌ని /మీడియా నుంచి తీసేసి నేరుగా /ఎస్‌ఆర్‌వీ కింద మౌంట్ చేయడం. /మీడియా అనేది వచ్చిపోయే వాటికి, ఎప్పటికీ ఉండే డిస్క్‌కి కాదు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసే ఫైల్) యూయూఐడీతో, అంటే ఆ డిస్క్ గుర్తింపు నంబరుతో, రాయండి, బైండ్ లైన్ పీకేయండి, పాత పాత్ ఎవరి స్క్రిప్టుల్లోనైనా ఉంటే /మీడియా/డేటా దగ్గర ఒక సిమ్‌లింక్ (అసలు చోటుని చూపించే షార్ట్‌కట్ లాంటిది) పెట్టండి చాలు. అలా కుదరకపోతే ప్రూన్_బైండ్_మౌంట్స్ ని నో చేయొచ్చు, కానీ అప్పుడు సర్వర్లో ఉన్న మిగతా బైండ్ మౌంట్లన్నీ కూడా లోపలికి వచ్చేస్తాయి, ఒక్కో ఫైల్ రెండేసి సార్లు కనిపిస్తుంది. /మీడియాని ప్రూన్‌పాత్స్ నుంచి తీసేయడం మూడోది, రేపు ఎవడో 2 టీబీ బ్యాకప్ డ్రైవ్ గుచ్చిన రోజు అది కూడా చిట్టాలోకి ఎక్కుతుంది, అందుకే నాకు నచ్చదు. బీటీఆర్‌ఎఫ్ఎస్ వాడేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, సబ్‌వాల్యూమ్‌ని కూడా ఇది బైండ్ మౌంట్ అనుకుంటుంది, హోమ్ మొత్తం ఎందుకు రావట్లేదో అని తల పట్టుకునేవాళ్ళలో సగం మందిది ఇదే, వాళ్ళకి మాత్రం నో పెట్టడమే దారి.

కాన్ఫ్‌లో చేయి పెట్టేటప్పుడు కొన్ని చూస్కోండి. ఉన్న లైన్లోనే మార్చండి, కింద అదే పేరుతో ఇంకో లైన్ చేర్చొద్దు, ఒకే మాట రెండుసార్లు కనపడితే అది తప్పని ఆగిపోతుంది. పాత్ అనేది లొకేట్ ఎలా చూపిస్తుందో సరిగ్గా అలాగే ఉండాలి, సిమ్‌లింక్ పేరు రాస్తే పట్టించుకోదు. ప్రూన్‌నేమ్స్‌లో స్టార్లూ గీర్లూ పని చేయవు, ఫోల్డర్ పూర్తి పేరు ఇవ్వాలి. అలాగే అప్‌డేట్‌డీబీ సిమ్‌లింకుల వెంట పోదు. వెబ్ ఫోల్డర్లో అప్‌లోడ్స్ అనేది సిమ్‌లింక్ అయితే, ఆ దారి పేరుతో వెతికితే సున్నా, అసలు దారి పేరుతో వెతికితే వస్తుంది. ఇంకోటి, డిస్క్ మౌంట్ కాకుండా ఉన్న రోజు అప్‌డేట్‌డీబీ నడిస్తే ఆ ఫోల్డర్ ఖాళీగా కనపడి దానికింది పేర్లన్నీ చిట్టాలోంచి పోతాయి, ఫైళ్ళు పోయాయని కంగారు పడకండి, మౌంట్ చేసి మళ్ళీ నడిపితే తిరిగొస్తాయి.

మూడో ప్రశ్న, చదువుతున్నది ఎవరు. రూట్‌కి ఎక్కువ, యూజర్‌కి తక్కువ రావడం తప్పు కాదు, అలా ఉండాలనే చేశారు. చిట్టాలో అందరి ఫైళ్ళ పేర్లూ ఉంటాయి కాబట్టి చదివే యూజర్‌కి ఆ ఫైల్ దాకా ఉన్న ప్రతి ఫోల్డర్ మీదా రీడ్, ఎగ్జిక్యూట్ రెండూ ఉన్నాయా అని చూసి, ఉంటేనే చూపిస్తుంది. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్లు 750తో తయారవుతున్నాయి, అందుకని పక్కవాళ్ళ హోమ్‌లోవి కనపడవు. మీ స్కానింగ్ టీం అందరికీ కనపడాలంటే ఒక గ్రూప్ పెట్టి స్కాన్స్ ఫోల్డర్ల మీద ఆ గ్రూప్‌కి రెండు పర్మిషన్లూ ఇవ్వండి. 711 పెట్టి, ఫైల్ తెరుచుకుంటోంది కదా లొకేట్‌లో ఎందుకు రాదు అంటే, లోపలికి నడవనిచ్చారు కానీ లోపల ఏముందో చదవనివ్వలేదు, అందుకు రాదు. నేమ్ఐ -ఎల్ తర్వాత పూర్తి పాత్ ఇస్తే మెట్టు మెట్టుకీ పర్మిషన్ చూపిస్తుంది, ఏ మెట్టు దగ్గర ఆగుతోందో కంటికి కనపడుతుంది. దీనికోసం రిక్వైర్-విజిబిలిటీని నో చేయమని ఎవరైనా చెప్తే వినకండి, ఫైల్ పేరు కూడా ఒక్కోసారి రహస్యమే, జీతాల లిస్టు పేరు బయటికి పొక్కినా గొడవే. ఒకవేళ మామూలు యూజర్‌కి రిజల్ట్స్ తక్కువ కాకుండా డేటాబేస్ తెరవలేకపోతున్నా అని పర్మిషన్ ఎర్రరే వస్తుంటే అది వేరే కథ. ప్లొకేట్ బైనరీ మీద సెట్‌జీఐడీ బిట్ (ఎవరు నడిపినా ఆ ఫైల్ గ్రూప్ హక్కులతో నడిచేలా చేసే గుర్తు) ఉండాలి, ఎల్ఎస్ -ఎల్‌లో గ్రూప్ భాగంలో ఎక్స్ బదులు ఎస్ కనపడాలి, గ్రూప్ ప్లొకేట్ అయ్యుండాలి. ఎవరో /యూఎస్‌ఆర్ మీద సీహెచ్‌మాడ్ -ఆర్ 755 కొట్టిన సర్వర్లలో అది పోతుంది. ఇక్కడ మాత్రం ప్యాకేజ్ రీఇన్‌స్టాల్ చేయడమే మందు.

పొద్దున సర్వర్ మూలగడం గురించి. ప్లొకేట్ టైమర్ రోజుకోసారి అని ఉంటుంది, అంటే అర్ధరాత్రి 12కి, కానీ దాని కిందే రాండమైజ్డ్‌డిలేసెక్ 12 గంటలు అని కూడా ఉంటుంది. ఒకే హోస్ట్ మీద వంద వర్చువల్ మెషిన్లు ఒకే నిమిషంలో డిస్క్ మీద పడకుండా అలా పెట్టారు. ఇప్పుడు మీ సర్వర్ క్లాక్ ఏ టైమ్‌జోన్‌లో ఉందో చూడండి, టైమ్‌డేట్‌సీటీఎల్ కొడితే తెలుస్తుంది. యూటీసీలో ఉంటే అక్కడి అర్ధరాత్రి మనకి తెల్లవారి 5:30, దానికి 12 గంటల వరకు అదృష్టం కలిపితే పొద్దున 5:30 నుంచి సాయంత్రం 5:30 మధ్య ఎప్పుడైనా నడవొచ్చు. అంటే సరిగ్గా మన ఆఫీసు టైం. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో ఆ టైమర్ తెరిచి, ముందు ఆన్‌క్యాలెండర్ ఖాళీగా ఒక లైను, దాని కింద మీకు కావాల్సిన టైంతో ఇంకో లైను, డిలే సున్నా అని పెట్టండి. ఖాళీ లైను మర్చిపోతే పాత టైం, కొత్త టైం రెండూ నడుస్తాయి. మనకి రాత్రి రెండున్నర కావాలంటే యూటీసీలో 21:00 అని రాయాలి, ఇది మర్చిపోయి 02:30 అని రాస్తే పొద్దున ఎనిమిదింటికి నడుస్తుంది.

టైం మార్చినా అసలు అంత భారం ఎందుకు పడుతోందో కూడా తెలుసుకోవాలి. మామూలుగా అప్‌డేట్‌డీబీ రెండోసారి నుంచి తేలిగ్గా నడుస్తుంది, టైమ్‌స్టాంప్ మారని ఫోల్డర్‌ని మళ్ళీ చదవకుండా పాత చిట్టాలోంచే ఎత్తుకుంటుంది (ఎమ్‌లొకేట్ పేరులో ఎమ్ అంటే మెర్జింగ్, ఆ పద్ధతికి పెట్టిన పేరే అది). రోజూ భారంగా ఉందంటే రోజూ మారే ఫోల్డర్లు లక్షల్లో ఉన్నాయన్నమాట. కంటైనర్లు నడిపే డాకర్ ఉందా మీ సర్వర్లో? ఓవర్లే రకం ఫైల్‌సిస్టమ్ ప్రూన్‌ఎఫ్ఎస్‌లో ఉన్నా సరే, /వార్/లిబ్/డాకర్ కింద ఇమేజ్ లేయర్ల ఫోల్డర్లు మామూలు డిస్క్ మీదే ఉంటాయి, వాటిని ఆ రూల్ ఆపదు. ఇమేజ్‌లు పెరిగేకొద్దీ ప్రతి లేయర్‌లో ఉన్న ప్రతి పైథాన్ ఫైలూ చిట్టాలోకి ఎక్కుతుంది. /వార్/లిబ్/డాకర్, /వార్/లిబ్/కంటైనర్‌డీ రెండూ ప్రూన్‌పాత్స్‌లో వేసేయండి, ఎవరూ అక్కడ ఫైళ్ళు వెతకరు.

దీనికన్నా ఖరీదైనది ఇంకోటుంది. క్లౌడ్ బకెట్‌ని ఫ్యూజ్‌తో ఫోల్డర్‌లాగా మౌంట్ చేసుకుంటారు కదా, నేనున్న ఒక చోట అలాగే ఎస్3ఎఫ్ఎస్‌తో చేశాం, అప్‌డేట్‌డీబీ రోజూ ఆ బకెట్ మొత్తం నడిచి వచ్చేది. లోకల్ డిస్క్ మీద ఫోల్డర్ చదివితే డబ్బులు పడవు, బకెట్లో ప్రతి లిస్టింగ్‌కీ పడతాయి. వెయ్యి రిక్వెస్టులకి అర సెంటే కదా అనిపిస్తుంది, లక్షల ఫైళ్ళు ఉన్న చోట రోజూ ఇదే నడిస్తే నెలాఖరుకి ఎందుకింత బిల్లని అకౌంట్స్ వాళ్ళు అడుగుతారు, మాకు అలాగే తెలిసింది. ఫైండ్‌మౌంట్ కమాండ్‌తో మీ మౌంట్లన్నిటి రకాలూ చూసి ప్రూన్‌ఎఫ్ఎస్ లిస్టులో ఉన్నాయో లేవో ఒక్కోటి పోల్చుకోండి, ఎన్ఎఫ్ఎస్ ఉంటుంది, కానీ ఫ్యూజ్ రకాలు కొన్నే ఉంటాయి.

ఆ సర్వీస్ ఫైల్లో అయోనైస్ ఐడిల్ (డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడే పని చేయమనడం) పెట్టారు కదా ఇంకా ఎందుకు అడ్డం పడుతోంది అని అడుగుతారేమో, డిస్క్ షెడ్యూలర్ నన్ అని ఉంటే, ఎన్‌వీఎమ్ఈ డిస్కుల్లో మామూలుగా అదే ఉంటుంది, ఆ ప్రయారిటీని చూసేవాళ్ళే ఉండరు. పీఎస్‌లో అప్‌డేట్‌డీబీ డీ స్టేట్‌లో గంటల తరబడి ఉంటే మాత్రం కిల్ -9 కొడుతూ కూర్చోకండి, అది డిస్క్ జవాబు కోసం ఆగి ఉంది, డీమెసేజ్ చూడండి, ఐఓ ఎర్రర్లు ఉంటే లొకేట్ సంగతి తర్వాత, ముందు బ్యాకప్ తీసుకోండి.

వెతికే పద్ధతి గురించి. రిపోర్ట్ అని మామూలు మాట ఇస్తే పాత్‌లో ఎక్కడున్నా పట్టుకుంటుంది. కానీ అందులో స్టార్ ఒక్కటి పెట్టగానే రూల్ మారిపోతుంది, అప్పుడు మొత్తం పాత్ మొదటి నుంచి చివరి దాకా ఆ నమూనాకి సరిపోవాలి. పత్రిక*.పీడీఎఫ్ అని ఇస్తే సున్నా రావడానికి అదే కారణం, ఏ పాత్ అయినా స్లాష్‌తో మొదలవుతుంది గానీ పత్రికతో మొదలవదు కదా. ముందు కూడా స్టార్ పెట్టి *పత్రిక*.పీడీఎఫ్ అని, దాన్ని సింగిల్ కోట్స్‌లో ఇవ్వండి. కోట్స్ లేకపోతే ఆ స్టార్‌ని షెల్ ముందే మింగేసి మీరున్న ఫోల్డర్లో దొరికిన ఫైల్ పేర్లు లొకేట్‌కి ఇస్తుంది, అందుకే ఒకే కమాండ్ ఒక ఫోల్డర్లో పని చేసి ఇంకో ఫోల్డర్లో పని చేయదు. ఫైల్ పేరులోనే చూడాలి, ఫోల్డర్ పేర్లు వద్దు అనుకుంటే -బీ.

ఇక తెలుగు పేర్లు. ఇది మనసుకి దగ్గరి విషయం, ఇంగ్లీషు పేర్లతో బతికేవాళ్ళకి ఈ బాధ రాదు కాబట్టి మనకి చెప్పేవాళ్ళు తక్కువ. లినక్స్‌కి ఫైల్ పేరు అంటే బైట్ల వరస, అంతే, చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పేర్లు బైట్లలో వేరైతే దానికి రెండు వేరే ఫైళ్ళు. మనకి రెండు చోట్ల దెబ్బ పడుతుంది. ఒకటి ఐత్వం. తైలం అని రాసినప్పుడు ఆ గుర్తు యూనికోడ్‌లో ఒకే అక్షరంగానూ ఉండొచ్చు, ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వం కొస గుర్తు అని రెండు ముక్కలుగానూ ఉండొచ్చు. పాత మ్యాక్‌లలో ఉండే హెచ్‌ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్‌సిస్టమ్ పేరుని రెండు ముక్కలుగా విడగొట్టి దాచుకునేది. అక్కడి నుంచి ఆర్‌సింక్‌తో మీ సర్వర్‌కి వస్తే విడిపోయిన రూపంతోనే వస్తుంది, మీరు కీబోర్డ్ మీద కొట్టేది కలిసిన రూపం, రెండూ కలవవు. మీ స్కాన్లలో శైలి, చైత్రం, వైశాఖం, నైజాం లాంటి మాటలున్న పేర్లే దొరకట్లేదా అని ఒకసారి చూడండి, అయితే కచ్చితంగా ఇదే. ఒక్కో తెలుగు కోడ్ యూటీఎఫ్-8లో 3 బైట్లు, కాబట్టి ఆ గుర్తు ఉన్న చోట 3 బదులు 6 బైట్లు ఉంటాయి, ఎల్ఎస్ ని హెక్స్‌డంప్ -సీ లోకి పంపితే తేలిపోతుంది. బాగు చేయడానికి కాన్వ్‌ఎమ్‌వీ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, --ఎన్‌ఎఫ్‌సీ ఇచ్చి నడపండి, --నోటెస్ట్ ఇవ్వనంత వరకు అది పేర్లు మార్చకుండా ఏం మారుస్తుందో చూపిస్తుంది, ముందు అలా చూసి తర్వాతే నిజంగా మార్చండి.

రెండోది కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్, అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు. ఫిబ్రవరి లాంటి మాటకి గొడవ లేదు, కానీ సెప్టెంబర్ అనే మాటని ఒకరు ప కింద ట వత్తు వచ్చేలా కొడతారు, ఇంకొకరు ప్ విడిగా నిలబడేలా మధ్యలో ఆ నాన్ జాయినర్‌తో కొడతారు. అదీ 3 బైట్లే, కనపడదు, వెతికితే కలవదు. ఫోన్ కీబోర్డులు కొన్ని దాన్ని తమంతట తామే పెడతాయి. ఇక్కడ అనుమానం ఉన్న చోట స్టార్ పెట్టి వెతకడమే తక్షణ మార్గం, *సెప్*టెంబర్* అంటే రెండూ దొరుకుతాయి. మీ టీంకి మాత్రం ఫైల్ పేరులో నెలని అంకెల్లో రాయమని ఒక నియమం పెట్టండి, 1987-09 అంటే ఎవరు కొట్టినా ఒకటే.

ఇంతకీ ప్లొకేట్ పేర్లని మూడేసి బైట్ల ముక్కలుగా కోసి ఇండెక్స్ చేస్తుంది, అందుకే అంత వేగం, మూడు బైట్ల కన్నా చిన్న మాట ఇస్తే ఇండెక్స్ పనికిరాక మొత్తం చదువుతుంది. ఇంగ్లీషులో రెండక్షరాలు కొడితే నెమ్మదించడం అందుకే, తెలుగులో ఒక్క అక్షరమే 3 బైట్లు కాబట్టి మనకి ఆ ఇబ్బంది రాదు.

ఫైండ్ కూడా తప్పులు చెప్తోందని రాశారు కాబట్టి క్లుప్తంగా. అది డిస్క్‌నే చదువుతుంది, చిట్టా లేదు, కాబట్టి అక్కడ తప్పు దాదాపు ఎప్పుడూ మన వాక్యంలోనే ఉంటుంది. -సైజ్ -1ఎమ్ అంటే ఒక ఎమ్‌బీ కన్నా చిన్నవి అనుకుంటాం, కానీ అది పై అంకెకి రౌండ్ చేస్తుంది, ఒక్క బైట్ ఉన్న ఫైల్ కూడా 1 అయిపోతుంది, దాంతో ఖాళీ ఫైళ్ళు మాత్రమే వస్తాయి, బైట్లలో రాయండి. -ఎమ్‌టైమ్ +7 అంటే కనీసం 8 నిండు రోజులు. -ఓ తో రెండు నేమ్‌లు కలిపి చివర ఏదైనా పని పెడితే ఆ పని రెండోదానికే వర్తిస్తుంది, బ్రాకెట్లు వేయండి. -డిలీట్ ఎప్పుడూ చివర్లోనే ఉండాలి, ముందు పెడితే పేరు చూడకముందే చెరిపేస్తుంది, కాబట్టి ముందు -ప్రింట్‌తో నడిపి కళ్ళారా చూశాకే ఆ మాట మార్చండి. పాత విండోస్ జిప్‌లలోంచి వచ్చిన పాడైన పేర్లు స్టార్‌కి కూడా దొరకవు, ఎందుకంటే అవి సరైన యూటీఎఫ్-8 కావు, కమాండ్ ముందు ఎల్‌సీ_ఆల్=సీ పెడితే దొరుకుతాయి.

మీ పని వరస ఇలా పెట్టుకోండి. ఈ రాత్రి ముందు వెర్షన్, డేటాబేస్ తేదీ, /వార్ లో చోటు చూడండి. డీబగ్-ప్రూనింగ్ నడిపి ఆ అవుట్‌పుట్ దాచండి. తర్వాత ఎఫ్ఎస్‌ట్యాబ్ మార్చి డిస్క్‌ని /ఎస్‌ఆర్‌వీ కిందికి తెచ్చి, రీబూట్ చేయకముందే మౌంట్ -ఏ తో తప్పులేమైనా ఉన్నాయేమో చూస్కోండి, ఆ లైన్లో నోఫెయిల్ కూడా పెట్టండి, లేకపోతే డిస్క్ రాని రోజు సర్వర్ బూట్ మధ్యలో ఆగుతుంది. మొదటిసారి అప్‌డేట్‌డీబీ ఎక్కువ సేపు పడుతుంది, స్కాన్లన్నీ కొత్తవి కదా, ఆగండి, మధ్యలో చంపకండి. పర్మిషన్లు, టైమర్, తెలుగు పేర్లు రేపు తీరిగ్గా చూడొచ్చు. అప్పటికీ స్కాన్స్ రాకపోతే ఆ దాచిన అవుట్‌పుట్‌లో స్కాన్స్ అనే మాట ఉన్న లైన్లూ, ఫైండ్‌మౌంట్ అవుట్‌పుట్టూ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.